పుర్రె గుర్తు చిమ్మట: అకెరాన్షియా ప్రజాతిలో ఇది ఏ జాతి? (విశాఖపట్నం)

సాగరతీర, మధురవాడ

అందరికీ నమస్కారం. నిన్న రాత్రి మా అపార్టుమెంటు నడవలో ట్యూబులైటు పక్కన గోడ మీద ఒక పెద్ద చిమ్మట వాలింది. రెక్కలు మూసుకుని ఉన్నా నా అరచేతిలో సగానికి పైగా ఉంది. వీపు మీద పుర్రె బొమ్మ చాలా స్పష్టంగా కనిపిస్తోంది, రెండు కంటి గుంటలు, వాటి కింద దవడతో సహా. పక్కింటి పెద్దావిడ అపశకునమని తలుపు వేసుకున్నారు. వాచ్‌మన్ చీపురు తెచ్చేలోపు నేను దాన్ని ఒక అట్టపెట్టెలోకి తీసుకున్నాను. చెయ్యి తగలగానే కీచుమని అరిచింది. చిమ్మటలకు గొంతు ఉంటుందని అప్పటిదాకా నాకు తెలియదు.

రాత్రంతా వెతికితే ఇది అకెరాన్షియా అనే ప్రజాతికి చెందినదని తెలిసింది. అందులో మూడు జాతులున్నాయట. పైనుంచి తీసిన ఫొటో ఒక్కటే ఉంది, వెనక రెక్కలు కనిపించడం లేదు. ఈ రాత్రికి వదిలేస్తాను. ఈలోగా ఏమేమి గమనించి రాసుకోవాలో చెబుతారా? మా వాళ్లందరికీ ఇది ఏమిటో సరిగ్గా వివరించాలని ఉంది. లేకపోతే మరోసారి వచ్చినప్పుడు చీపురే గెలుస్తుంది.

కంబాలకొండ రాత్రులు

దాన్ని బతికించినందుకు ముందుగా ధన్యవాదాలు. ఇలాంటి వాటిని జనం భయంతో చంపేయడం ఎన్నోసార్లు చూశాను. ఇది కుట్టదు, కరవదు, దీనికి విషం లేదు.

మూడింటిలో ఒకదాన్ని ఇప్పుడే తీసేయవచ్చు. అట్రోపాస్ అనే జాతి ఆఫ్రికాలోనూ ఐరోపాలోనూ పశ్చిమాసియాలోనూ ఉంటుంది, మన తీరంలో ఉండదు. మిగిలినవి స్టిక్స్, లాకెసిస్. రెండూ భారతదేశంలో ఉన్నాయి, రెండూ దీపాలకు వస్తాయి. మీ పెట్టెలో ఉన్నది ఈ రెండింటిలో ఒకటి.

ఇప్పుడు చూడవలసింది వెనక రెక్క. ముందు రెక్కలు మూడు జాతుల్లోనూ నలుపు, గోధుమ, బూడిద రంగులు కలిసిన చెట్టు బెరడు రంగులోనే ఉంటాయి. పగటిపూట మాను మీద దాక్కోవడానికి పనికొచ్చే రంగు అది. ఒక పుల్లతో పొట్ట దగ్గర మెల్లగా తాకండి. బెదిరించడానికి ముందు రెక్కలు పైకెత్తి, కింద దాచిన పసుపు రంగును ఒక్కసారిగా చూపిస్తుంది. సరిగ్గా అప్పుడు ఫొటో తీయండి.

స్టిక్స్‌లో వెనక రెక్క ప్రధానంగా పసుపు. దాని మీద రెండు నల్ల పట్టీలు అడ్డంగా ఉంటాయి, రెక్క మొదలు దగ్గర కూడా పసుపే కనిపిస్తుంది. పొట్ట పక్కలు విశాలంగా పసుపు, నడుమ నీలి బూడిద రంగు చార. లాకెసిస్‌లో రెక్క మొదలే నల్లగా ఉంటుంది. పట్టీలు వెడల్పుగా ఉండి పసుపును మింగేస్తాయి, పొట్ట కూడా ముదురుగా ఉంటుంది. మొత్తం మీద లాకెసిస్ నల్ల చిమ్మటగానూ, స్టిక్స్ పసుపు చిమ్మటగానూ కనిపిస్తాయి. ఒక్కసారి రెండింటినీ చూసినవారు మళ్లీ తికమక పడరు.

కొలతను నమ్ముకోవద్దు. ప్రజాతిలో అన్నిటికన్నా పెద్దది లాకెసిస్, రెక్కలు చాపితే 13 సెంటీమీటర్ల దాకా వస్తుంది. కానీ బాగా ఎదిగిన స్టిక్స్ 12 సెంటీమీటర్లు అందుకుంటుంది, చిన్న లాకెసిస్ 10 దగ్గరే ఆగిపోతుంది.

వీలైతే పెట్టెకు పైన పలుచని గాజు లేదా ప్లాస్టిక్ కప్పి, అడుగు వైపు నుంచి కూడా ఒక ఫొటో తీయండి. ముందు రెక్క అడుగున స్టిక్స్‌కు నడుమ రెండు గీతలుంటాయి. అట్రోపాస్‌కు ఒకటే. మనకు అట్రోపాస్ రాకపోయినా, రికార్డు పక్కాగా ఉండాలంటే ఈ ఫొటో ఉండాలి.

ప్రాణిశాస్త్రం మాస్టారు

పై సమాధానం బాగుంది. అయితే వర్గీకరణ గురించి నాలుగు మాటలు చెప్పాలి. ‘పుర్రె ఉంటే అకెరాన్షియా’ అనే పద్ధతిలో పిల్లలకు నేర్పడం నాకు అసలు నచ్చదు. బొమ్మ చూసి పేరు చెప్పడం ఆటగా బాగుంటుంది గానీ ప్రజాతి నిలబడేది శరీర నిర్మాణం మీద.

చరిత్ర చూడండి. 1758లో లిన్నేయస్ ఐరోపా జాతికి అట్రోపాస్ అని పేరు పెట్టినప్పుడు, దాన్ని మిగతా హాక్ మాత్‌లన్నిటితో (లావు ఒళ్లు, సన్నని రెక్కలతో వేగంగా ఎగిరే చిమ్మటలతో) కలిపి స్ఫింక్స్ అనే ఒకే ప్రజాతిలో ఉంచాడు. ఆయన శిష్యుడు ఫాబ్రీషియస్ 1798లో లాకెసిస్‌ను వర్ణించి అదే గంపలో వేశాడు. 1809లో లాస్పైరెస్ వీటిని విడదీసి అకెరాన్షియా ప్రజాతిని ఏర్పరచాడు. స్టిక్స్‌ను వెస్ట్‌వుడ్ 1847లో వర్ణించాడు. పేర్లన్నీ గ్రీకు పురాణాల నుంచి, మృత్యువు చుట్టూ తిరిగేవే. పుర్రె బొమ్మ ఆ పండితులను కూడా వదల్లేదని అర్థమవుతోంది.

ఇప్పటి క్రమం ఇది. లెపిడోప్టెరా, అంటే రెక్కల మీద పొలుసులున్న కీటకాల క్రమం. అందులో బాంబికోయిడియా అనే పెద్ద సముదాయం. మల్బరీ పట్టుపురుగు, మన ఏజెన్సీ అడవుల్లో దసలి పట్టు ఇచ్చే చిమ్మట కూడా ఇందులోనివే. తర్వాత స్ఫింజిడే కుటుంబం, అంటే హాక్ మాత్‌లు. ప్రపంచంలో ఇవి 1,400 పైచిలుకు జాతులున్నాయి. అందులో స్ఫింజినే ఉపకుటుంబం, దానిలో అకెరాన్షియీని అనే తెగ, ఆ తెగలో మన ప్రజాతి. ఇదే తెగలో అగ్రియస్, కీలోనియా, మెగాకార్మా, కాలోస్ఫింజియా అనే ప్రజాతులు కూడా ఉన్నాయి. 2003లో ఇయాన్ కిచింగ్ ఈ తెగ మొత్తానికి వంశక్రమాన్ని గీసినప్పుడు ఆధారపడింది శరీర లక్షణాల మీదే. వీపు మీది బొమ్మ ఒక్కటే చాలదు.

రెక్కల లెక్క (విద్యార్థిని)

మాస్టారూ, ఒక సందేహం. పాతబడిన చిమ్మటకు వీపు మీది పొలుసులు రాలిపోతాయి. మొన్న క్యాంపస్‌లో వీధి దీపం కింద ఒకటి దొరికింది, వీపు పూర్తిగా నున్నగా ఉంది. పుర్రె లేదు. అలాంటప్పుడు అది అకెరాన్షియా అని దేన్నిబట్టి చెప్పాలి? ముందు రెక్కలు చూస్తే అగ్రియస్ కూడా దాదాపు అదే బూడిద రంగు కదా.

ప్రాణిశాస్త్రం మాస్టారు

మంచి ప్రశ్న అమ్మా. నోరు చూడు.

మిగతా హాక్ మాత్‌లలో ఎక్కువ వాటికి తుండం పొడవు. పువ్వు ముందు గాలిలో నిలబడి లోపలి మకరందాన్ని తాగాలి కాబట్టి అలా ఉండాలి. అగ్రియస్ కన్వాల్వులై, అంటే చిలగడదుంప తోటల్లో కనిపించే చిమ్మట, తుండం చాపితే దాని శరీరం కన్నా పొడవు వస్తుంది. అకెరాన్షియా తుండం అంగుళం కూడా ఉండదు. పొట్టిగా, లావుగా, గట్టిగా, కొస వాడిగా ఉంటుంది. పొడవాటి గొట్టపు పువ్వుల్లో తేనె దీనికి అందదు. తేనెతుట్టెలో మైనపు మూతను పొడిచి తాగడానికి సరిపోయే పనిముట్టు ఇది. చెట్ల నుంచి కారే రసాన్ని, పండిన పండ్ల రసాన్ని కూడా తాగుతుంది.

ఇది ఒక్కటే చూసినా అగ్రియస్ నుంచి వేరు చేయవచ్చు. దానికి తోడు స్పర్శశృంగాలు, అంటే తల మీది మీసాలు, పొట్టిగా, లావుగా ఉండి కొసలో చిన్న కొక్కెం ఉంటుంది. కాళ్లు పొట్టివి, బలమైనవి. అగ్రియస్ పొట్ట పక్కల గులాబీ, నలుపు పట్టీలుంటాయి, అకెరాన్షియాకు గులాబీ ఉండదు. మీకు దొరికినదాని పొట్ట రంగు ఏమిటి?

రెక్కల లెక్క (విద్యార్థిని)

పసుపు. తుండం విప్పి చూశాను, చాలా పొట్టిది. అకెరాన్షియానే. ధన్యవాదాలు మాస్టారూ.

నోటి గురించే ఇంకో విషయం చదివాను, ఇక్కడ చెప్పకుండా ఉండలేకపోతున్నాను. ఈ తెగలో కొన్ని చిమ్మటలు నోటితో వింటాయి. తుండం మొదట్లో ఉండే పిలిఫర్ అనే చిన్న భాగం, పక్కనే ఉండే పాల్పులు (నోటి పక్కల ఉండే చిన్న అవయవాలు) కలిసి గబ్బిలాల అతిధ్వనిని, అంటే మన చెవికి అందని శబ్దాన్ని, పసిగడతాయి. 1999లో గోఫెర్ట్, వాసెర్తాల్ దీన్ని ప్రయోగాలతో చూపించారు. హాక్ మాత్‌లలో ఇలాంటి చెవి మరో శాఖలో కూడా ఉంది, కానీ దాని నిర్మాణం వేరు. అంటే ఒకే కుటుంబంలో రెండుసార్లు విడివిడిగా పుట్టింది. దసలి చిమ్మటను తీసుకుంటే దానికి పెద్దయ్యాక తాగడానికి పనికొచ్చే నోరే ఉండదు. ఒకే సముదాయంలో ఒకదానికి నోరు కరిగిపోయింది, మరొకదానికి అదే నోరు తుట్టెను పొడిచే సూది, చెవి, గొంతు కూడా అయింది. నా దృష్టిలో ఈ ప్రజాతిలో అసలైన అద్భుతం ఇదే, పుర్రె కాదు.

అనంతగిరి తేనెపెట్టెలు

ఇంతవరకూ చదువుతూ వచ్చాను. నాకు ఈ చిమ్మట బాగా తెలుసు. మేము దీన్ని తేనెదొంగ అంటాం. చీకటి పడ్డాక పెట్టె ద్వారం దగ్గర వాలి, కాసేపు ఆగి, నడుచుకుంటూ లోపలికి వెళ్తుంది. ఎగిరి లోపలికి దూరదు. ఒక్కోసారి తేనె తాగి బయటకు వస్తుంది. ఒక్కోసారి మరుసటి రోజు పెట్టె అడుగున చచ్చి పడి ఉంటుంది.

వేల ఈగల మధ్యకు వెళ్లి అది ఎలా బతికి వస్తుంది? మా పెట్టెల్లో ఉన్నవి దేశవాళీ తేనెటీగలు, అవి అంత మెతకవేమీ కాదు. నేను ద్వారం సన్నగా చేసి చూశాను, రావడం తగ్గింది. కానీ కారణం తెలుసుకోవాలని ఉంది.

కంబాలకొండ రాత్రులు

ద్వారం ఎత్తు తగ్గించడమే సరైన పని. ఈగ దూరాలి, ఈ లావు శరీరం దూరకూడదు. అంతకు మించి మందులేవీ అవసరం లేదు.

ఎలా బతుకుతుందంటే, మొదటిది వాసన. తేనెటీగలు చీకట్లో ఒకదాన్నొకటి గుర్తుపట్టేది ఒంటి మీది రసాయనాలతో. 1991లో మోరిట్స్, ఆయన సహచరులు అట్రోపాస్ ఒంటి మీది పూతను పరీక్షించారు. తేనెటీగల ఒంటి మీద ఉండే కొవ్వు ఆమ్లాలే దాని మీద కూడా, దాదాపు అదే నిష్పత్తిలో కనిపించాయి. అంటే ఈగలకు అది పరాయిదిగా తోచదు. రెండోది మందమైన చర్మం, కొన్ని కాట్లను తట్టుకుంటుంది. మీ పెట్టెలో చచ్చి పడినవి బహుశా ఎక్కువసేపు ఉండిపోయినవి.

ఇక అరుపు. మధురవాడ వారు విన్నది ఇదే. మిడత రెక్కలు రుద్దినట్లు పుట్టే శబ్దం కాదు ఇది. గొంతులోకి గాలి పీల్చుకున్నప్పుడు అక్కడి చిన్న పొర వేగంగా కంపించి మొదటి శబ్దం పుడుతుంది. అదే గాలిని బయటికి తోసినప్పుడు రెండోది, సన్నని ఈల. రెండూ కలిపి సెకనులో అయిదో వంతులో అయిపోతాయి. 2015లో జర్మనీ శాస్త్రవేత్తలు గొంతు నిర్మాణాన్ని లోతుగా చూసి దీన్ని వివరించారు. రాణి ఈగ చేసే శబ్దాన్ని అనుకరించి కూలి ఈగలను శాంతింపజేస్తుందని పాత వాదన. గబ్బిలాన్నో పక్షినో ఉలిక్కిపడేలా చేయడానికే అని మరో వాదన. మనిషి పట్టుకున్నప్పుడు కూడా అరుస్తుంది కాబట్టి నేను రెండో వాదన వైపు మొగ్గుతాను.

నువ్వుచేను, యలమంచిలి

నాదొక రైతు ప్రశ్న. వేసవి నువ్వు వేశాను, మా పరిశోధన కేంద్రం ఇచ్చిన శారద రకం. అప్పుడప్పుడు ఆకుల మీద వేలు లావు గొంగళి పురుగు కనిపిస్తుంది. తోక దగ్గర కొమ్ము, ఒంటి పక్కల ఏటవాలు చారలు. కొన్ని ఆకుపచ్చ, కొన్ని గోధుమ రంగు. ముట్టుకుంటే నోటితో టిక్ టిక్ మంటుంది. ఒక్కటే మొక్కంతా బోడి చేసేస్తుంది. మీరు ఇంతసేపూ చెప్పుకుంటున్నది దీని తల్లి పురుగేనా? అయితే నేను దాని మీద ముచ్చట పడలేను.

దున్నేటప్పుడు మట్టిలో ఎర్రగా మెరిసే కోశాలు (ప్యూపాలు) కూడా బయటపడతాయి. అన్నీ ఒకే రకం కావు.

కంబాలకొండ రాత్రులు

అవునండి, అదే. అకెరాన్షియా స్టిక్స్ పిల్ల పురుగు. ముట్టుకుంటే దవడలు కొట్టి శబ్దం చేయడం ఈ ప్రజాతి పురుగుల అలవాటు. నువ్వు, వంగ, పొగాకు, చిక్కుడు, మల్లె, పిచ్చి లంటానా, అన్నిటినీ తింటుంది. ఆకుపచ్చ, పసుపు, గోధుమ రంగులు ఒకే జాతి పురుగుల్లో కనిపిస్తాయి, కాబట్టి రంగును బట్టి వేరే పురుగు అనుకోవద్దు. కొమ్మును గమనించండి. లాకెసిస్ పురుగుకు కొమ్ము కొస బాగా మెలితిరిగి చుట్టుకుని ఉంటుంది. స్టిక్స్‌కు అంత మెలిక ఉండదు.

మట్టిలోని కోశాల్లో తేడా మీరు గమనించడం చాలా సంతోషం. వాటిలో తుండం గూడు బయటికి వంగి కూజా పిడిలా కనిపించేవి అగ్రియస్‌వి. పొడవాటి తుండానికి చోటు కావాలి కదా. పిడి లేకుండా నున్నగా ఉన్నవి అకెరాన్షియావి అయ్యే అవకాశం ఎక్కువ. మాస్టారు చెప్పిన నోటి తేడా మట్టిలో ఉన్నప్పుడే కనిపిస్తుందన్నమాట. ఈసారి దున్నినప్పుడు రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి ఫొటో తీసి ఇక్కడ పెట్టగలరా?

ప్రాణిశాస్త్రం మాస్టారు

రైతు సోదరుడి మాట కొట్టిపారేయవలసింది కాదు. అయితే నువ్వులో అసలు నష్టం చేసేది ఆకుముడత, కాయతొలుచు పురుగు. ఈ కొమ్ము పురుగు పెద్దది కాబట్టి కంటికి కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది, కానీ సాధారణంగా చేనులో అక్కడొకటి ఇక్కడొకటి ఉంటుంది. పురుగు పరిమాణం చూసి చేనంతా మందు కొట్టవద్దని నా మనవి. మందు కొడితే దాని ఒంటి మీద గుడ్లు పెట్టి లోపలి నుంచి తినేసే ఈగలు కూడా చస్తాయి. చేత్తో ఏరడం సరిపోతుంది.

సాగరతీర, మధురవాడ

ఫొటోలు పెట్టాను. పుల్లతో తాకగానే సరిగ్గా మీరు చెప్పినట్లే రెక్కలెత్తింది. వెనక రెక్క పసుపు, రెండు నల్ల పట్టీలు, మొదట్లో నలుపు లేదు. పొట్ట పక్కలు పసుపు, నడుమ నీలి బూడిద చార. గాజు మీద నడిచినప్పుడు అడుగు వైపు చూశాను, ముందు రెక్కకు రెండు గీతలున్నాయి. వెనక రెక్క మూలలో, నల్ల పట్టీ లోపల చాలా లేతగా ఒక నీలి చుక్క కూడా ఉంది. దానికి అర్థం ఏమిటి?

నడవలో పిల్లలందరినీ పిలిచి చూపించాను. పక్కింటి పెద్దావిడ కూడా వచ్చారు. తేనె తాగుతుందని చెబితే, “అయితే దీనికి తిండి ఏమి పెట్టావు?” అని అడిగారు. తేనెనీళ్లలో ముంచిన దూది పెట్టాను, తాగింది.

కంబాలకొండ రాత్రులు

స్టిక్స్, ఇక అనుమానం లేదు. ఆ నీలి చుక్క కూడా అట్రోపాస్ నుంచి స్టిక్స్‌ను వేరు చేసే గుర్తుల్లో ఒకటి. అడుగు ఫొటో చాలా స్పష్టంగా ఉంది, తేదీ, చోటు రాసి భద్రపరచండి. వదిలేటప్పుడు నడవ లైటు ఆపేయండి. లేకపోతే మళ్లీ దాని చుట్టూనే తిరుగుతుంది.

రెక్కల లెక్క (విద్యార్థిని)

కొన్ని జాబితాల్లో స్టిక్స్ మెడూసా అని కూడా ఉంది. మనది అదా?

ప్రాణిశాస్త్రం మాస్టారు

మెడూసా అన్నది 1858లో మూర్ పెట్టిన పేరు. తూర్పు ఆసియా వైపు చిమ్మటలను కొందరు ఆ పేరుతో ఉపజాతిగా ఉంచుతారు, మరికొందరు స్టిక్స్‌లోనే కలిపేస్తారు. నా అభిప్రాయం అడిగితే, రెక్కల రంగు ఒక చోటు నుంచి మరో చోటుకు కొద్దికొద్దిగా మారే చిమ్మటల్లో ఉపజాతి గీత గీయడానికి తొందరపడకూడదు. పైగా ఇవి బలంగా ఎగిరేవి. 2022లో జర్మనీలో అట్రోపాస్ చిమ్మటలకు చిన్న ట్రాన్స్‌మిటర్లు అతికించి, విమానంలో వెంట వెళ్లి చూశారు. రాత్రిపూట ఎదురుగాలిలో కూడా దారి తప్పకుండా ఆల్ప్స్ వైపు వెళ్లాయి, కొన్నింటిని 80 కిలోమీటర్ల దాకా అనుసరించగలిగారు. అంతగా ఎగిరే ప్రజాతిలో సరిహద్దులు అంత సులభంగా నిలవవు. మీ నోటుపుస్తకంలో స్టిక్స్ అనే రాసుకోండి.

అనంతగిరి తేనెపెట్టెలు

ఇకపై పెట్టెల అడుగున దొరికినవాటిని పారేయకుండా దాచి పెడతాను. కొండ మీద నల్లవి కూడా చూసినట్లు గుర్తు. అది లాకెసిస్ అయితే ఇక్కడే చెబుతాను.

నువ్వుచేను, యలమంచిలి

ఇవాళ చేను గట్టున ఒక పురుగు దొరికింది. కొమ్ము కొసలో మెలిక లేదు, కొద్దిగా పైకి తిరిగింది అంతే. మాస్టారు చెప్పినట్లు మందు కొట్టలేదు. ఏరినవాటిని గట్టు మీది లంటానా పొదలో వదిలాను. కోశాల ఫొటో దుక్కి మొదలయ్యాక పెడతాను. అప్పటిదాకా ఎవరైనా ఒక మాట చెప్పండి, పిడి ఉన్న కోశాలు ఎక్కువగా మినుము వేసిన మడిలోనే దొరుకుతున్నాయి, నువ్వు మడిలో కాదు. దానికి కారణం ఉందా?

కంబాలకొండ రాత్రులు

ఉంది. అగ్రియస్ పురుగుకు చిలగడదుంపతో పాటు మినుము, పెసర కూడా ఇష్టం. మీ మడుల్లో పంటను బట్టే రెండు ప్రజాతులు విడిపోయాయి. ఫొటో తీసేటప్పుడు ఏ కోశం ఏ మడిలో దొరికిందో చీటీ మీద రాసి పక్కన పెట్టండి.